అక్కడంటే ఎక్కడరా?

(దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ఇంటర్ హాస్టల్లో చేసిన ప్రసంగం)

తమ్ముళ్లూ, వార్డెన్ గారూ, నమస్కారం.

నేనూ మీలాగే ఇంటర్ చదవడానికి నల్గొండ నుంచి ఈ దిల్‌సుఖ్‌నగర్‌కే వచ్చాను. రెండో సంవత్సరంలో ఒక రాత్రి, పదకొండు దాటాక, ఎడమ వృషణంలో ఉన్నట్టుండి మెలిపెట్టినట్టు నొప్పి లేచింది. వాంతయింది. ఏమైందిరా అని రూమ్మేట్ అడిగితే కడుపునొప్పి అన్నాను. వార్డెన్‌కీ అదే చెప్పాను. ఆయన గ్యాస్ బిళ్ల ఇచ్చి పడుకోమన్నారు. మోకాళ్లు ముడుచుకుని, దుప్పటి కొస నోట్లో కుక్కుకుని తెల్లవార్లూ అలాగే ఉన్నాను. పొద్దున నాన్న వచ్చారు. "అక్కడ నొప్పి" అన్నాను. "అక్కడంటే ఎక్కడరా?" అని రెండుసార్లు అడిగారు. మూడోసారికి గానీ నోరు పెగల్లేదు. ఆపరేషన్ థియేటర్‌కి చేరేసరికి నొప్పి మొదలై పన్నెండు గంటలు దాటింది. వృషణం నల్లబడిపోయింది, తీసేశారు.

దాన్ని టార్షన్ అంటారు. వృషణాన్ని పట్టుకుని ఉండే నాళం మెలితిరిగి రక్తం అందదు. 6 గంటల్లోపు మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది. మీ వయసులోనే ఇది ఎక్కువ. ఆ ఆరు గంటలూ నా చేతిలో ఉండేవి. అదే నా బాధ. రెండోది మెలిపడకుండా కుట్లు వేశారు. నాకిప్పుడు ఇద్దరు పిల్లలు, కాబట్టి ఒకటి పోతే మగతనం పోతుందన్న భయం పెట్టుకోకండి.

వరిబీజం మీకు తెలుసు. పంచె మాటున దాచుకుని ఏళ్లకేళ్లు నడిచిన తాతలు మా ఊళ్లోనూ ఉన్నారు. చిన్న ఆపరేషన్‌తో పోయేదానికి అంత అవస్థ!

నొప్పి లేని గడ్డ సంగతి వేరు. వృషణాల క్యాన్సర్ ముసలివాళ్లకంటే 15 నుంచి 35 ఏళ్లవాళ్లకే ఎక్కువగా వస్తుంది. నెలకోసారి వేడినీళ్ల స్నానమయ్యాక బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒక్కోదాన్నీ మెల్లగా దొర్లించి చూసుకోండి. వెనకవైపు మెత్తగా తాడులా తగిలేది మామూలే. ఒకటి కాస్త కిందికి ఉండటమూ మామూలే. గట్టిగా బఠాణీగింజలా తగిలితే మాత్రం డాక్టరు దగ్గర స్కానింగ్ చేయించుకోవాలి. తొలిదశలో పట్టుకుంటే 95 శాతానికి పైగా నయమవుతుంది.

గాంధీ, ఉస్మానియా క్యాజువాలిటీలు రాత్రంతా తెరిచే ఉంటాయి. అక్కడ డాక్టర్లు ఇలాంటివి రోజూ చూస్తారు, మీరు సిగ్గుపడాల్సిన పనే లేదు.

వార్డెన్ గారూ, మీకొక్క విన్నపం. అర్ధరాత్రి పిల్లాడెవరైనా కడుపునొప్పి అని తలుపు తడితే, బిళ్ల ఇచ్చే ముందు పక్కకి పిలిచి, "కింద ఏమైనా నొప్పి ఉందా నాన్నా?" అని అడగండి.