మీ ఇల్లు ఏ అంతస్తు?

(ప్రపంచ పశువైద్య దినోత్సవం నాడు రాజమండ్రిలో పెంపుడు జంతువుల యజమానుల సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు, నాలుగోసారి నేను చదవను. రాజమండ్రి ఎండల్లో శాలువా కప్పారు. ఈ దినోత్సవం ఎప్పుడూ ఏప్రిల్ ఆఖరి శనివారమే వస్తుంది కాబట్టి తప్పు మీది కాదు.

నాకిచ్చిన అంశం ‘పెంపుడు జంతువులు – మన బాధ్యత’. నేను మాత్రం కుక్క ఒంటేలు గురించి మాట్లాడతాను. నవ్వండి, ఫర్వాలేదు. గుండె జబ్బున్న కుక్కల్ని ముప్పై ఏళ్ళు చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, మందు పనిచేయక పోయినవాటికంటే, మందు పనిచేస్తోందనే విసుగుతో ఇంట్లోవాళ్ళు ఆపేస్తే పోయినవే నా మనసులో ఎక్కువగా ఉండిపోయాయి. ఒంట్లో నీరు తీసే మాత్ర వేస్తే కుక్క ఒంటేలు ఎక్కువ పోస్తుంది. దాని పనే అది. ఆ ఒంటేలు ఎవరు ఎత్తాలి? అక్కడ మొదలవుతుంది గొడవ.

గోదావరి వాళ్ళకి కాలవల సంగతి చెప్పక్కర్లేదు. కింద తూము పూడుకుపోతే పైచేను మునుగుతుంది. స్పిట్జ్, పామరేనియన్, డాష్‌హౌండ్ లాంటి చిన్న జాతుల్లో వయసు మీదపడ్డాక గుండె ఎడమ పక్క కవాటం మందమెక్కి సరిగ్గా మూసుకోదు. ముందుకు పోవాల్సిన రక్తంలో కొంత వెనక్కి తంతుంది. వెనక ఉన్నవి ఊపిరితిత్తులు. అక్కడ నీరు ఊరుతుంది. డాబర్‌మాన్‌కి గుండె కండరమే సాగిపోయి బలం తగ్గుతుంది. పిల్లికి ఎక్కువగా కండరం దళసరెక్కుతుంది. ఎటు తిరిగినా చివరికి వచ్చి పడేది నీరే.

మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టి ఉప్పునీ నీటినీ చాలావరకు మళ్ళీ లోపలికి లాక్కుంటాయి. ఫ్యూరోసెమైడ్, అంటే మీ అందరికీ తెలిసిన లాసిక్స్, ఆ లాక్కునే చోట అడ్డం పడుతుంది. ఉప్పు బయటికి పోతుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. ఊపిరితిత్తుల్లో ఊరినది మెల్లగా రక్తంలోకి దిగుతుంది. కవాటం మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని ఈ మాత్ర బాగుచేయదు. అందుకే ‘నాలుగు రోజులు వేశాం, తగ్గిపోయింది, ఆపేశాం’ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తగ్గింది నీరమ్మా, జబ్బు కాదు.

మా అమ్మమ్మ కాళ్ళ వాపులకి పల్లేరుకాయల కషాయం కాచేది, గలిజేరు ఆకు పప్పులో వేసేది. కుక్కకీ పట్టి చూశామని చెప్పినవాళ్ళున్నారు. డొక్కలు ఎగరేస్తున్న కుక్క దగ్గర ఆ ప్రయోగాలకి టైమ్ ఉండదు.

ఇప్పుడు టీచరమ్మగారి సంగతి. దీని కోసమే వచ్చాను, మిగతావన్నీ నెపం.

ఆవిడ రిటైర్డ్ లెక్కల టీచరు. మూడో అంతస్తులో ఒక్కరే ఉండేవారు, తోడు బుజ్జి. ఎనిమిది కిలోల స్పిట్జ్, పదకొండేళ్ళు. మొదటిసారి తెచ్చినప్పుడు దానికి నాలిక నీలంగా ఉంది, మెడ చాచి ఊపిరి లాగుతోంది. ఇంజెక్షన్ ఇచ్చి ఆక్సిజన్ పెట్టాం. నరానికి ఇస్తే అయిదు నిమిషాల్లో పని మొదలవుతుంది. గంటకి బుజ్జి మా టేబుల్ మీదే చెరువు కట్టి తోక ఊపింది. మాత్ర రాసిచ్చాను. పొద్దున అర, రాత్రి అర.

పదిహేను రోజులకి వచ్చారు. నిద్రలో ఊపిరి లెక్కపెట్టి పుస్తకంలో రాయమన్నాను కదా, పాలలెక్కల పుస్తకంలో గీతలు కొట్టి మరీ రాశారు. నిమిషానికి ముప్పై ఎనిమిది, నలభై, నలభై ఒకటి. ముప్పై లోపు ఉండాలి. మాత్రలు సరిగ్గా వేస్తున్నారా అని అడిగాను. ‘వేస్తున్నానండి’ అని ఖాళీ స్ట్రిప్పు చూపించారు. అరని ముప్పావు చేశాను. మళ్ళీ అదే లెక్క. ముప్పావుని ఒకటి చేశాను. లెక్కల టీచరు తెచ్చిన లెక్క తప్పని నాకెందుకు తోస్తుంది?

రెండు నెలలకి ఆవిడ కాలు జారి పడ్డారు, ఆస్పత్రిలో చేర్చారు. బెంగళూరు నుంచి కొడుకు వచ్చాడు. బుద్ధిమంతుడు. చీటీలో ఉన్నది ఉన్నట్టు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేశాడు. నాలుగో రోజు బుజ్జిని చేతుల మీద మోసుకొచ్చాడు. తిండి లేదు, వాంతులు, చిగుళ్ళు అంటుకుపోతున్నాయి, చర్మం పైకి లాగితే అలాగే నిలబడిపోతోంది. ఊపిరి మాత్రం బ్రహ్మాండంగా ఇరవై రెండు. రక్తం పరీక్ష చేస్తే క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు బయటికి పంపాల్సిన వ్యర్థం, నాలుగు దాటింది. ఒంట్లో నీరంతా పిండేశాం.

ఎందుకిలా అయిందో నాకు అంతుపట్టలేదు. మర్నాడు ఆ అబ్బాయి ఒక హార్లిక్స్ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ‘పూజగదిలో దొరికింది డాక్టరు గారూ, ఇవేం మాత్రలు?’ అన్నాడు. మూత తీశాను. అన్నీ లాసిక్స్. అరముక్కలు, ముప్పావు ముక్కలు, నిండు మాత్రలు. అన్నీ రాత్రి పూటవి.

లిఫ్ట్ లేదు. రాత్రి పదింటికి మాత్ర వేస్తే పన్నెండుకోసారి, రెండింటికోసారి బుజ్జి తలుపు గీరేది. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు దిగలేరు. ఇంట్లో పోస్తే కింది వాటావాళ్ళు వాసనని గొడవ. అందుకని రాత్రిది మానేశారు. మానేశానని నాకు చెప్పలేక మాత్రని స్ట్రిప్పులోంచి తీసి సీసాలో వేశారు. ముప్పై ఏళ్ళు పిల్లల హోమ్‌వర్క్ దిద్దిన మనిషి, నేనెక్కడ దిద్దుతానో అని భయపడ్డారు. ఒక పూట మాత్రకి ఊపిరి తగ్గక నేను డోసు పెంచుతూ పోయాను, కొడుకు దాన్ని రెండు పూటలా వేశాడు.

సెలైన్ మెల్లగా, చాలా మెల్లగా ఎక్కించాం. గుండె జబ్బున్నదానికి సెలైన్ అంటే కత్తి మీద సామే. మూడు రోజులకి తేరుకుంది. తర్వాత నేను చేసిందల్లా ఇది. మళ్ళీ అరముక్కకి దించి, రాత్రి పదింటి మాత్రని సాయంత్రం అయిదింటికి మార్చాను. నోటి ద్వారా వేస్తే గంటలో మొదలవుతుంది, ఆరు గంటల్లో దాదాపు అయిపోతుంది. లాసిక్స్ అన్న పేరే అలా వచ్చిందంటారు, ఇంగ్లీషులో ‘ఆరు గంటలు ఉంటుంది’ అన్న మాటల్లోంచి. అయిదింటికి వేస్తే పనిమనిషి ఉన్నప్పుడే రెండుసార్లు కిందికి పోయి వస్తుంది, పదకొండుకి ఇద్దరూ పడుకుంటారు. పొద్దున మాత్ర ఆరింటికి. ఇంతే! దీనికి నా డిగ్రీలు అక్కర్లేదు. మొదటి రోజే ‘టీచరు గారూ, మీ ఇల్లు ఏ అంతస్తు?’ అని అడిగితే సరిపోయేది. అడగలేదు. తప్పు ఆవిడది కాదు, నాది.

ఈ హాల్లో కుర్ర డాక్టర్లు కూడా ఉన్నారు. బాబూ, మందు చీటీ రాసేముందు ఇది అడగండి. ఇంట్లో ఎవరుంటారు, రాత్రి ఎవరు లేస్తారు, అద్దె ఇల్లా అని అడగండి. యజమానులూ, మీరు మానేస్తే మానేశామని చెప్పండి. మేం తిట్టం. తిడితే డాక్టరుని మార్చండి, మాత్రని మాత్రం మార్చకండి.

ఏదో అంశం మీద మొదలెట్టి ఎక్కడికో పోయాను. ఇంకో రెండు మూడు మాటలు.

ఒంటేలు ఎక్కువైందని నీళ్ళ గిన్నె తీసేసేవాళ్ళున్నారు. దండం పెడతాను, ఆ పని చేయకండి. బయటికి తోడుతూ లోపలికి ఆపితే దెబ్బ తినేది మూత్రపిండాలే. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. తగ్గించాల్సింది ఉప్పు. ఆవకాయ అన్నం, అప్పడం ముక్క, ఎండుచేప, ‘కొంచెమే కదండీ’ అంటూ పెట్టేవన్నీ. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు, తిండి ముట్టని రోజు, మామూలు డోసు వేసేముందు ఫోన్ చేయండి. కుంటుతోందని మీకు వాడే నొప్పి మాత్ర దానికి వేయకండి, ఈ మందుతో కలిస్తే మూత్రపిండాలకి మరీ చేటు. మొదలుపెట్టిన వారం, రెండు వారాలకి రక్తపరీక్ష చేయించాలి, పొటాషియం కూడా చూడాలి.

దగ్గిన ప్రతి కుక్కకీ లాసిక్స్ అక్కర్లేదు. పామరేనియన్‌కి గాలిగొట్టం నొక్కుకుపోయి కూడా దగ్గు వస్తుంది, దానికి ఇది పనికిరాదు. గుండెలో తేడా చప్పుడు వినపడగానే ముందుజాగ్రత్తగా వేసే మందూ కాదు. నీరు చేరాకే దీని అవసరం. గుండె పెరిగినా ఇంకా నీరు చేరని దశకి పిమోబెండాన్ ఉంది. 2016లో 360 కుక్కల మీద చేసిన అధ్యయనం వచ్చింది, ఆ మందు గుండె వైఫల్యాన్ని పదిహేను నెలల దాకా వెనక్కి నెట్టిందని.

పిల్లులవాళ్ళు అలిగినట్టున్నారు. పిల్లి గుండె జబ్బుకి దగ్గదు. మంచం కింద దాక్కుంటుంది, తిండి మానేస్తుంది, మీకు తెలిసేసరికి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటుంది. అప్పుడు వాట్సాప్‌లో వీడియో పంపకండి, బుట్టలో పెట్టుకుని బయల్దేరండి. పిల్లికి లాసిక్స్ డోసు కుక్క కంటే తక్కువ. నలభై మిల్లీగ్రాముల మాత్రని ఎనిమిది ముక్కలు చేయమంటాం. స్టీలు పళ్ళెంలో బ్లేడు పెట్టి నొక్కితే మూడు ముక్కలు, బోలెడు పొడి, ఒకటి ఫ్రిజ్ కిందికి. మెడికల్ షాపులో మాత్రలు కోసే చిన్న డబ్బా దొరుకుతుంది, అది కొనుక్కోండి.

ఊపిరి లెక్క ఎలాగంటే, నిద్రపోతున్నప్పుడు దూరంగా కూర్చుని డొక్క చూడండి. లేవడం, దిగడం కలిపి ఒకటి. గోడ గడియారం పెట్టుకుని నిండు నిమిషం లెక్కపెట్టండి. వరసగా ముప్పై దాటితే ఫోన్, నలభై దాటితే ఆటో.

చీటీ అందింది, ముగించమంటున్నారు. ముగిస్తాను. మూడో వరసలో తెల్ల పామరేనియన్‌ని ఒళ్ళో పెట్టుకున్నావే, అమ్మా, నువ్వు వెళ్ళకు. ఇందాకటి నుంచి చూస్తున్నాను. ఏసీ కింద కూర్చున్నారు, అది నిద్రపోతోంది. రెండుసార్లు లెక్కపెట్టాను, నలభై నాలుగు. కంగారుపడకు, లేపకు. అలాగే ఎత్తుకుని పక్క గదిలోకి రా. మిగతావాళ్ళు టీ తాగండి.