విడిపోయాక గ్రీన్‌కార్డు: ఒక్కరి సంతకంతో

అందరికీ నమస్కారం.

ఇవాళ మాట్లాడబోయే విషయం మనవాళ్లు నలుగురిలో చెప్పుకోరు. అమెరికా పౌరుణ్నో, గ్రీన్‌కార్డు ఉన్నవాణ్నో పెళ్లి చేసుకుని ఇక్కడికి వస్తారు. రెండేళ్ల కార్డు వస్తుంది. అది ముగిసేలోపే కాపురం చెడుతుంది. ఇక అప్పట్నుంచి ఇంట్లో ఒకటే మాట: "నేను సంతకం పెట్టకపోతే నీకు కార్డు ఎలా వస్తుందో చూస్తా." ఆ మాటకు భయపడి నోరు మూసుకుని దెబ్బలు తిన్నవాళ్లున్నారు. ఆ బెదిరింపుకి చట్టంలో బలం లేదు. నేనిక్కడికి వచ్చింది ముఖ్యంగా ఈ సంగతి చెప్పడానికే.

ఈ పద్ధతి 1986 చట్టంతో మొదలైంది. గ్రీన్‌కార్డు హోదా వచ్చే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే షరతులతో కార్డు ఇస్తారు. దాని గడువు తీరేముందు 90 రోజుల్లో ఆ షరతులు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 ఫారం వేయాలి. కలిసి వేయలేనివాళ్లకు అదే ఫారంలో వెయివర్, అంటే ఆ నిబంధన నుంచి మినహాయింపు, ఉంది. మనస్ఫూర్తిగా చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసినా, ఇంట్లో హింస జరిగినా, జీవిత భాగస్వామి చనిపోయినా ఒక్కరే వేసుకోవచ్చు. వెయివర్ కోసం ఆ 90 రోజులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. కానీ కార్డు గడువు మాత్రం దాటనివ్వకండి. ఏమీ వేయకుండా గడువు దాటితే హోదా పోతుంది.

చాలామంది తికమకపడేది ఇక్కడే. వేరుగా ఉండటం వేరు, విడాకులు వేరు. విడాకుల వెయివర్‌కి కోర్టు తుది డిక్రీ, అంటే విడాకులు ఖరారు చేసిన తీర్పు, చేతిలో ఉండాలి. కేసు ఇంకా నడుస్తుంటే వేసిన తర్వాత డిక్రీ పంపమని సాధారణంగా ఉత్తరం వస్తుంది. ఆ గడువు 87 రోజులకు మించదు. అందుకే విడాకుల కేసు ఆలస్యం చేయొద్దంటాను. హింస కారణంగా వేసే వెయివర్‌కైతే విడాకులు అక్కర్లేదు. ఇక ఇద్దరూ వేరుగా ఉంటున్నా, కాగితం మీద పెళ్లి నిలిచే ఉండి అవతలివాళ్లు సంతకానికి ఒప్పుకుంటే కలిసి వేయడం తప్పు కాదు. ఒకే ఇంట్లో ఉంటున్నామని రాయడం మాత్రం అబద్ధం, దాని జోలికి పోకండి.

ఇప్పుడు సాక్ష్యాల సంగతి. అధికారి చూసేది కాపురం ఎందుకు చెడిందని కాదు, పెళ్లి నిజంగా కలిసి బతకడానికే చేసుకున్నారా అని. ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కలిసి వేసిన ట్యాక్స్ రిటర్నులు, ఇన్సూరెన్సు కార్డు, ఆసుపత్రి ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్టుగా రాసిన పేరు, ఇవన్నీ పనికొస్తాయి. పెళ్లి ఆల్బం ఒక్కటీ పట్టుకొస్తే చాలదు. మన పెళ్లిళ్లలో ఫొటోలకు కొదవేముంది, ఆ తర్వాతి మామూలు రోజులకే ఆధారం కావాలి.

స్నేహితుల ఉత్తరాల దగ్గర కూడా ఇదే లోపం చూస్తుంటాను. "వాళ్లిద్దరూ చాలా మంచివాళ్లు, అన్యోన్యంగా ఉండేవారు" అని రాస్తే అధికారికి తెలిసేదేమీ లేదు. "సంక్రాంతికి వాళ్లింట్లో భోంచేశాం, అప్పుడే అద్దెకు దిగారు, ఇంకా సోఫా కూడా లేదు, కింద కూర్చునే తిన్నాం" అని రాస్తే అది చూసినవాళ్ల మాట. తేదీ, చోటు, కళ్లారా చూసింది రాయమనండి.

ఇల్లు వదిలే పరిస్థితి వస్తే పాస్‌పోర్టు, కార్డు, మ్యారేజ్ సర్టిఫికెట్ మీ దగ్గర ఉండాలి. కనీసం ఫోన్‌లో ఫొటోలైనా తీసుకోండి. ఇమ్మిగ్రేషన్ అకౌంటు పాస్‌వర్డ్ భర్త చేతిలోనే ఉండిపోయిన ఇళ్లు ఎన్నో. సొంత ఈమెయిల్‌తో సొంత అకౌంటు తెరవండి. ఇల్లు మారిన పది రోజుల్లో కొత్త అడ్రస్ ప్రభుత్వానికి తెలియజేయాలి. లేకపోతే మీకు రావాల్సిన నోటీసు పాత ఇంటి పోస్టుబాక్సులో పడుతుంది, అది మీదాకా చేరుతుందన్న నమ్మకం లేదు.

హింస పెట్టే భర్త మీ గ్రీన్‌కార్డుకి అసలు దరఖాస్తే వేయకపోతే? 1994లో వచ్చిన వావా చట్టం (మహిళలపై హింసను అరికట్టే చట్టం) కింద ఐ-360 ఫారంతో మీకు మీరే వేసుకోవచ్చు. దీనికి ఫీజు లేదు. ఆ విషయం భర్తకి చెప్పరు. విడాకులైపోతే మాత్రం రెండేళ్లలోపే వేయాలి. భార్య చేతిలో హింస అనుభవించిన మగవాళ్లకూ ఇది వర్తిస్తుంది. వాళ్లు సిగ్గుపడి ఆగిపోతున్నారు, అలా ఆగొద్దు.

హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల మీద ఆధారపడి వచ్చే వీసా మీద, ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. భర్త హెచ్-1బి సక్రమంగా ఉన్నంతకాలం, విడాకులు ఖరారయ్యేదాకా ఆ హోదా ఉంటుంది. ఖరారైన రోజుతో పోతుంది. అందుకని డిక్రీకి ముందే చదువు వీసాకో మరో హోదాకో దరఖాస్తు చేయాలి.

చివరగా, ఇక్కడి డిక్రీ ఇండియాలో కూడా చెల్లుతుందని అనుకోకండి. తిరుపతిలో పెళ్లయిన ఒక జంటలో భర్త మిస్సోరిలో తెచ్చుకున్న విడాకులను 1991లో సుప్రీంకోర్టు గుర్తించలేదు. ఒకరికి తెలియకుండా, ఒకరి ఒప్పుదల లేకుండా వచ్చిన డిక్రీ అక్కడ నిలవడం కష్టం. మళ్లీ పెళ్లి ఆలోచన ఉన్నవాళ్లు అక్కడి లాయర్‌ని కూడా ఒకసారి అడగండి. ఇక మీ ప్రశ్నలు వింటాను. నలుగురిలో అడగలేనివాళ్లు చీటీ మీద రాసి ఇవ్వండి, పేరు రాయక్కర్లేదు.