మనం చదవని పుస్తకాలు కూడా కొందాం

అందరికీ నమస్కారం.

పెద్దలకూ పిల్లలకూ కలిపి ఒక చిన్న లైబ్రరీ పెట్టాలంటే పుస్తకాలు ఎలా ఎంచుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. చేతిలో జాబితా పట్టుకొస్తానని మీలో కొందరు అనుకునే ఉంటారు. తేలేదు. నేను జాబితా ఇస్తే అందులో నాకు నచ్చినవే ఉంటాయి, అసలు చిక్కంతా అక్కడే. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లే ఇలాంటి పనికి ముందుకొస్తారు. పిచ్చి ఉన్నవాళ్లకు ఇష్టాయిష్టాలు కూడా గట్టిగానే ఉంటాయి. కొన్నాళ్లకు ఆ లైబ్రరీ కాస్తా ఒక మనిషి సొంత బీరువా అయి కూర్చుంటుంది. ఆయనకు నవలలు ఇష్టమైతే అరలన్నీ నవలలే. ఆవిడకు చరిత్ర ఇష్టమైతే ఎటు చూసినా రాజులూ యుద్ధాలూ.

అందుకని ఇవాళ ఒక్క మాట గట్టిగా చెబుతాను. పుస్తకాలు ఎంచినవాళ్లు తమంతట తాము ఎప్పటికీ చదవనివి ఆ అరల్లో బోలెడు ఉండాలి. అవి లేకపోతే ఎన్ని వేల పుస్తకాలున్నా అందులో వైవిధ్యం లేనట్టే.

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాశారు. వాటిలో రెండోది, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలని. మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని. రెండోదాన్ని అందరూ చెబుతారు. నాకు మూడోదే ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే నాకు విసుగు పుట్టించే పుస్తకం కోసం కూడా ఎక్కడో ఒకరు ఎదురుచూస్తున్నారని అది ఒప్పిస్తుంది. కుట్టుపని, చేపల పెంపకం, చదరంగంలో ఎత్తులు, పాత రైలింజన్లు... వీటిలో ఏదీ నేను ముట్టుకోను. ముట్టుకునేవాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లలో చాలామంది "మేం పుస్తకాలు చదవం" అని చెప్పుకునేవాళ్లే. నవలలు చదవకపోతే చదవనట్టే అని వాళ్లకు ఎవరో నేర్పిపెట్టారు.

ఎంపికను ఇతరుల చేతికి వదిలిపెట్టిన మనిషి ఒకావిడ ఉన్నారు. ఆవిడ గురించి కాస్త వివరంగా చెప్పాలి. పేరు యెల్లా లెప్‌మన్. జర్మనీలో యూదు కుటుంబంలో పుట్టిన పాత్రికేయురాలు. నాజీలు 1933లో వీధుల్లో పుస్తకాలు రాశులు పోసి తగలబెట్టారు. 1936లో ఆవిడ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంగ్లండుకు వెళ్లిపోయారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం, స్త్రీల, పిల్లల వ్యవహారాల్లో సలహా ఇవ్వడానికి ఆవిడను మళ్లీ జర్మనీకి రప్పించింది. ఊళ్లు నేలమట్టమై ఉన్నాయి. పిల్లలకు తిండి లేదు, బట్ట లేదు. ఆ పరిస్థితిలో ఆవిడ దేశదేశాలకు ఉత్తరాలు రాశారు: మీ పిల్లలు చదివే మంచి పుస్తకాలు మాకు పంపండి అని. కొనడానికి డబ్బులు లేవని కూడా అందులోనే చెప్పేశారు.

చాలా దేశాలు పంపాయి. బెల్జియం మాత్రం కుదరదంది. జర్మన్లు మా మీద రెండుసార్లు దండెత్తారు, వాళ్లకు మేం పుస్తకాలు పంపాలా అన్నది దాని బాధ. ఆ కోపంలో న్యాయం లేదని ఎవరనగలం? లెప్‌మన్ వదల్లేదు, మళ్లీ రాశారు. ఈ పిల్లలు ఇతర దేశాల పిల్లల గురించి చదువుకుని పెరగకపోతే మూడోసారి కూడా దండెత్తరని నమ్మకమేమిటి అన్నది ఆ ఉత్తరం సారాంశం. బెల్జియం మెత్తబడింది, చక్కటి పుస్తకాలు పంపింది. అలా వచ్చిన పుస్తకాలతో 1946లో మ్యూనిక్‌లో ఒక ప్రదర్శన తెరిచారు. ఎక్కడనుకున్నారు? నాజీలు తమకు నచ్చిన కళను మాత్రమే చూపించడానికి కట్టుకున్న భవనంలో! 1949లో ఆ పుస్తకాలే పునాదిగా మ్యూనిక్‌లోనే అంతర్జాతీయ బాలల గ్రంథాలయం వెలిసింది. ఇప్పుడది ప్రపంచంలో పిల్లల పుస్తకాలకు అతి పెద్ద నిలయాల్లో ఒకటి. 1953లో పిల్లల పుస్తకాల కోసం ఒక అంతర్జాతీయ సంస్థ కూడా ఆవిడ చొరవతోనే పుట్టింది.

ఇందులో నాకు నచ్చింది ఆవిడ ధైర్యం ఒక్కటే కాదు. చదువుకున్న మనిషి, తన అభిరుచి ప్రకారం తనే ఒక జాబితా రాసుకోగలరు. అలా చేయకుండా, మీ పిల్లలు ఏం చదువుతున్నారో అది పంపండి అన్నారు. మనం కూడా అడగాలి. పిల్లల్ని అడగాలి, పొద్దంతా బండి నడిపేవాళ్లను అడగాలి, కళ్లు కనపడక పేపరు చదవడం మానేసిన తాతగారిని అడగాలి.

ఇక పెద్దల పుస్తకాలకూ పిల్లల పుస్తకాలకూ మధ్య గీత సంగతి. ఆ గీత మనం అనుకున్నంత పాతదీ కాదు, గట్టిదీ కాదు. రాబిన్సన్ క్రూసో 1719లో వచ్చింది, గలివర్ ప్రయాణాలు 1726లో. రెండూ పెద్దలకోసం రాసినవే. గలివర్‌లో ఉన్నది ఆనాటి రాజకీయాల మీద కారాలూ మిరియాలూ. పిల్లలు రాజకీయాన్ని పక్కనపెట్టి మరుగుజ్జుల్ని పట్టుకున్నారు. గ్రిమ్ సోదరులు 1812లో జానపద కథల మొదటి సంపుటం వేసినప్పుడు వెనక పండితుల కోసం వివరణలు చేర్చారు. పిల్లల కోసమని యాభై కథలతో చిన్న ఎడిషన్ 1825లో గానీ తేలేదు. కాబట్టి రెండు విభాగాల మధ్య గోడ కట్టకండి. పన్నెండేళ్ల పాప పెద్దల అరలోంచి ఒకటి లాక్కుంటే "అది నీకు కాదమ్మా" అని గాభరాపడి లాక్కోవద్దు. అర్థం కాకపోతే తనే పెట్టేస్తుంది. పిల్లలు విని అర్థం చేసుకునే స్థాయి, సొంతంగా చదివి అర్థం చేసుకునే స్థాయికంటే చాలా ఏళ్ల పాటు పైనే ఉంటుంది. తను చదవలేనిది మీరు చదివి వినిపిస్తే హాయిగా వింటుంది.

పిల్లల అర గురించి ఒక ఫిర్యాదు చేయనివ్వండి. పెద్దలు పిల్లలకు పుస్తకం కొనేటప్పుడు మొట్టమొదట వెనక అట్ట తిప్పి "ఇందులో నీతి ఏముంది?" అని చూస్తారు. తమకోసం కొనుక్కునేటప్పుడు ఆ ప్రశ్నే రాదు. డిటెక్టివ్ నవల చదివి ఏం నీతి నేర్చుకున్నారని మిమ్మల్ని ఎవరైనా అడిగారా? నీతికథలు వద్దనడం లేదు, ఉండనివ్వండి. అర మొత్తం అవే అయితే మాత్రం పిల్లలు ఆ వైపు రావడం మానేస్తారు. నవ్వించేవీ భయపెట్టేవీ ఉండాలి, ఒట్టి తిక్క మాటలతో నిండినవి కూడా ఉండాలి. ఒకే సిరీస్‌లో ఇరవై పుస్తకాలు వరసగా చదివే పిల్లవాణ్ణి చూసి టెన్షన్ పడకండి. తెలిసిన పాత్రలు, తెలిసిన తీరు ఉంటే కొత్త పాఠకుడికి చదవడంలో సగం బరువు తగ్గుతుంది.

బొమ్మల పుస్తకాన్ని ఎంచడం మాత్రం తేలిక అనుకోవద్దు. చాలా బొమ్మల పుస్తకాలు 32 పేజీలుంటాయి. ముద్రణలో పెద్ద కాగితాన్ని మడిచి కోస్తే పదహారు పేజీల కట్ట వస్తుంది, రెండు కట్టలు కలిస్తే 32. అందులో పేరు పేజీ, ముద్రణ వివరాలు పోగా కథకు మిగిలేది పన్నెండు, పద్నాలుగు జంట పేజీలు. అంత చోటులో కథ నడపాలంటే రాసేవాళ్ల చేతిలో ఉన్న పెద్ద సాధనం పేజీ తిప్పడమే. కుడి పేజీ అడుగున "తలుపు తీసి చూస్తే..." అని ఆగుతుంది. పిల్లవాడు ఊపిరి బిగబట్టి పేజీ మూల పట్టుకుంటాడు, తిప్పగానే రెండు పేజీల నిండా ఏనుగు. కాగితం ఆదా కోసమో, రెండు భాషలు ఒకేచోట ఇరికించాలనో చేసిన కొన్ని ఎడిషన్లలో ఆ తలుపూ ఏనుగూ పక్కపక్కనే పడతాయి. కథ మారదు, బొమ్మ మారదు, పుస్తకం మాత్రం చచ్చిపోతుంది. అందుకే బొమ్మల పుస్తకాన్ని అట్ట చూసి కొనకండి. నిలబడి, పైకి చదువుతూ, పేజీలు తిప్పి చూడండి. ఐదు నిమిషాల పని.

మాటల్లేని బొమ్మల పుస్తకాలని కొన్ని ఉంటాయి. "ఇందులో చదవడానికేముంది, డబ్బు దండగ" అని వాటిని కొనరు. నా లెక్కలో మాత్రం ముందు కొనాల్సినవి అవే. అక్షరం రాని నాయనమ్మ, ఇంకా అక్షరాలు నేర్వని మనవడు సరిసమానంగా కూర్చుని చదవగలిగే పుస్తకం ఇంకేముంది? ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లలకు కూడా అడ్డు ఉండదు. కథను ఎవరి భాషలో వాళ్లు చెప్పుకుంటారు.

కామిక్స్ మీద ఉన్న చిన్నచూపు గురించి పెద్దగా మాట్లాడను. నాజీ శిబిరాలనుంచి బతికి బయటపడిన తన తండ్రి కథను ఆర్ట్ స్పీగెల్‌మన్ బొమ్మల్లో చెప్పిన మౌస్ అనే పుస్తకానికి 1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది. ఆ వాదన అప్పుడే ముగిసింది.

అమెరికాలో పిల్లల సాహిత్యం మీద పనిచేసిన రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో ఒక వ్యాసం రాశారు. పుస్తకాలు పిల్లలకు ఇతరుల జీవితాలు చూపే కిటికీలు కావాలి, తమను తాము చూసుకునే అద్దాలూ కావాలి అన్నారు. ఒక పాపకు తనలాంటి పిల్లలు ఏ పుస్తకంలోనూ కనిపించకపోతే, నీకిక్కడ చోటు లేదని ఆ పాపకు ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేదు. అయితే ఆ వ్యాసంలో రెండో సగం జనం మరిచిపోతారు. ఎక్కడ చూసినా తమనే చూసుకుంటూ పెరిగే పిల్లలకూ నష్టమేనని కూడా ఆవిడ అన్నారు. మీరు ఎంచిన కథల పుస్తకాలు ఒక వరసలో పెట్టి చూడండి. కథానాయకుడు ఎవరు, ఎలాంటి ఇంట్లో ఉంటాడు, అమ్మ ఏం పని చేస్తుంది, నడవలేని పిల్లవాడు కథలో ఉంటే జాలిపడటానికేనా, అల్లరి కూడా చేస్తాడా? జవాబులన్నీ ఒకేలా వస్తే ఎంపిక మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

సైన్సు పుస్తకాల దగ్గర నేను చేసే పరీక్ష చిన్నది. సౌరకుటుంబం పేజీ తీస్తాను. 2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా మార్చింది. ఇంకా తొమ్మిది గ్రహాలున్నాయంటే ఆ పుస్తకం ఎప్పటిదో తెలిసిపోయినట్టే. ముద్రణ పేజీలో సంవత్సరం కొత్తగా కనబడుతుంది, మోసపోకండి. పాతదాన్నే మళ్లీ అచ్చువేస్తే అది పునర్ముద్రణ, లోపల సరిదిద్దితేనే కొత్త ఎడిషన్. మందులు, చట్టాలు, పన్నుల మీద పెద్దలకోసం వచ్చే పుస్తకాల్లో ఈ తేడా ఇంకా ముఖ్యం. ప్లూటో విషయంలో తప్పు తెలిస్తే నవ్వుకుంటాం. మందు మోతాదు విషయంలో తప్పయితే నవ్వులాట కాదు.

కళ్లు మందగించినవాళ్లను లైబ్రరీలు తొందరగా మరిచిపోతాయి. ఇంగ్లండులో ఫ్రెడరిక్ థోర్ప్ అనే ఆయన 1964లో పెద్ద అక్షరాల పుస్తకాలు ప్రత్యేకంగా వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు అలాంటివి సాధారణంగా 16 పాయింట్లు, అంతకు మించిన అక్షరాలతో వస్తాయి. ఒక అర వాటికి ఇవ్వండి. దొరకని చోట ఆడియో పుస్తకాలు పెట్టండి. విన్నది చదివినట్టు కాదని వాదించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కళ్లు సరిగ్గా ఉన్నంతకాలం వాదించుకోనివ్వండి.

అరల ఎత్తు సంగతి రెండు మాటల్లో: చిన్నపిల్లల పుస్తకాలు వాళ్ల నడుం ఎత్తుకు మించి ఉండకూడదు, వీలైనన్ని అట్ట కనబడేలా నిలబెట్టాలి. పుస్తకం వీపు మీద, అంటే అరలో బయటికి కనబడే సన్నటి అంచు మీద, పేరు చదవగలిగేవాడికి ఇంకెవరి సాయమూ అక్కర్లేదు.

చివరిగా దానాల గురించి. లైబ్రరీ పెడుతున్నామనగానే జనం అటకలు ఖాళీ చేసి పంపుతారు. పాత పరీక్షల గైడ్లు, సగం సంపుటాలు లేని విజ్ఞాన సర్వస్వాలు, చెదలు మొదలైన వారపత్రికలు. మొహమాటానికి పోయి అన్నీ పెట్టుకుంటే మంచివి వాటి వెనక దాక్కుంటాయి. తీసుకునేటప్పుడే, పనికిరానివి మేం ఉంచుకోమని చెప్పేయండి. ఏవి తీసేయాలో తేల్చడానికి 1976లో టెక్సస్‌లో చిన్న లైబ్రరీల కోసం ఒక పద్ధతి రాశారు, ఇప్పటికీ వాడుతున్నారు. తప్పుదారి పట్టించేవి, పట్టుకోవడానికి వీల్లేనంత పాడైనవి, కొత్త ఎడిషన్ వచ్చేసినవి తీసేయాలి. చాలాకాలంగా ఎవరూ ముట్టనివి మాత్రం వెంటనే తీయకండి. ముందు వాటిని వేరే అరకు మార్చి, అట్ట కనబడేలా ఒక నెల పెట్టి చూడండి. మీలో ఏ ఒక్కరి అభిరుచినో బట్టి ఏదీ బయటికి పోకూడదు. తీసేసే పని ఇద్దరు కలిసి చేయాలి, ఆ ఇద్దరికీ ఇష్టాలు కలవకపోతే మరీ మంచిది.

నా మాటలు ఇక్కడికి చాలు. మీరు రాసుకొచ్చిన జాబితాలు పక్కవారితో మార్చుకోండి. పక్కవారి జాబితాలో మీరైతే ఎప్పటికీ చదవని పుస్తకాలకు టిక్కు పెట్టండి. ఒక్కటీ దొరకని జాబితాలు నాకివ్వండి, ముందు వాటి గురించి మాట్లాడుకుందాం.