చిన్నాపెద్దా కలిసి ఆడే సాఫ్ట్‌బాల్: బంతి ఎవరిని చూసి ఎంచుకోవాలి? (చర్చా కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. 8 ఏళ్ల పాప, 14 ఏళ్ల అమ్మాయి ఒకే మైదానంలో బేస్‌బాల్ లాంటి ఆట సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే వాళ్ల మధ్య తిరిగే బంతి ఎలాంటిది అయి ఉండాలి? ఈరోజు చర్చ దీని మీదే. బాలికల జట్లకు శిక్షణ ఇచ్చే కోచ్ గారు, పిల్లల డాక్టరు గారు, చాలాకాలంగా అంపైరింగ్ చేస్తున్న ఒక పెద్దాయన, ఇద్దరు కూతుళ్లను ఆటకు పంపుతున్న ఒక తల్లి మనతో ఉన్నారు. అమ్మా, మీతోనే మొదలుపెడదాం.

తల్లి: నమస్కారమండి. మా పెద్దమ్మాయికి 13, చిన్నదానికి 9. మా లీగ్‌లో పిల్లలు తక్కువ, అందుకని అన్ని వయసుల వాళ్లనీ కలిపి ఆడిస్తారు. కిందటేడు ప్రాక్టీస్‌లో మా చిన్నది థర్డ్ బేస్ దగ్గర, అంటే బ్యాటర్ పరుగెత్తే దారిలో మూడో మూల దగ్గర, నిలబడి ఉంది. పెద్దపిల్ల ఒకమ్మాయి కొట్టిన బంతి నేలకు తగిలి ఎగిరి దాని చెంప మీద పడింది. ఎముక విరగలేదు గానీ పది రోజులు మొహం వాచిపోయే ఉంది. తర్వాత తెలిసిందేమిటంటే, బకెట్‌లో మెత్తబంతుల్లో గట్టివి కూడా కలిసిపోయాయట. చూడ్డానికి అన్నీ ఒకటే పసుపు, అవే ఎర్ర కుట్లు. అప్పటినుంచి నాకు ఆ బకెట్ చూస్తేనే టెన్షన్.

వ్యాఖ్యాత: సాఫ్ట్‌బాల్ అంటున్నాం కదా, మెత్తగానే ఉంటుందని చాలామంది అనుకుంటారు.

కోచ్: సగం పొరపాటు ఆ పేరుతోనే వస్తుందండి. 1887లో షికాగోలో ఈ ఆట పుట్టినప్పుడు బాక్సింగ్ గ్లౌజును ఉండలా కట్టి కర్రతో కొట్టారు. అది నిజంగానే మెత్తన. ఇప్పటి బంతి వేరు. లోపల ఎక్కువగా పాలీయురేథేన్ గుండు, పైన తోలు గానీ సింథటిక్ గానీ. పెద్దవాళ్లు ఆడే బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 178 నుంచి 198 గ్రాములు. బొటనవేలు పెట్టి ఎంత నొక్కినా లోపలికి దిగదు. దుకాణంలో అలా నొక్కి చూసి కొనేవాళ్లున్నారు, దానివల్ల ఏమీ తెలియదు.

వ్యాఖ్యాత: మరి చిన్నపిల్లలకు?

కోచ్: 10 ఏళ్ల లోపు వాళ్లకు 11 అంగుళాలది, అంతకన్నా పసివాళ్లకు 10 అంగుళాలది కూడా ఉంది. 12 అంగుళాల బంతి మామూలుగా 11, 12 ఏళ్ల నుంచి మొదలవుతుంది. ఇవన్నీ చుట్టుకొలతలు. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది, కానీ 9 ఏళ్ల పాప చెయ్యి చూడండి. 12 అంగుళాల బంతి ఇస్తే వేళ్లతో పట్టుకోలేదు, అరచేతిలో పెట్టుకుని తోస్తుంది. మోచెయ్యి కిందికి జారుతుంది. బంతి అనుకున్న చోటికి పోక పక్కనున్న పిల్ల మీదికి పోతుంది. అందుకే నేను దెబ్బ గురించి మాట్లాడే ముందు పట్టు గురించి అడుగుతాను. దగ్గర నుంచి వచ్చే దెబ్బల్లో చాలావరకు విసిరిన బంతులవే, బ్యాట్‌తో కొట్టినవి కావు. నా ప్రాక్టీసుల్లో నేను చూసింది అదే.

అంపైర్: దీనికి మా దగ్గర ఒక పద్ధతి ఉందండి. ఆడా మగా కలిసి ఆడే స్లో పిచ్ లీగుల్లో, అంటే బంతిని మెల్లగా పైకెత్తి విసిరే ఆటలో, మగవాళ్లు బ్యాటింగ్‌కు వస్తే 12 అంగుళాల బంతి, ఆడవాళ్లు వస్తే 11 అంగుళాల బంతి ఇస్తాం. రెండూ అంపైర్ సంచీలోనే ఉంటాయి. పిల్లల లీగ్‌లోనూ అలాగే చేయొచ్చు. పెద్దమ్మాయి వస్తే పెద్ద బంతి, చిన్నమ్మాయి వస్తే చిన్న బంతి.

డాక్టర్: ఇక్కడ ఒక్క నిమిషం, క్షమించాలి. కొట్టేది పెద్దమ్మాయే, సరే. ఆ బంతి తగిలేది ఎవరికి? థర్డ్ బేస్‌లో నిలబడ్డ 9 ఏళ్ల పాపకే కదా. అమ్మగారు చెప్పిన సంఘటన అదే. బలంగా కొట్టగలిగే అమ్మాయి బ్యాట్ పట్టినప్పుడే మనం గట్టి బంతి ఇస్తున్నామంటే లెక్క తలకిందులైనట్టు.

అంపైర్: ...అవునండి. నేను కొట్టేవాళ్ల వైపు నుంచే చూశాను.

డాక్టర్: అందరం అలాగే చూస్తాం. గంటకు 97 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి 35 అడుగులు దాటడానికి 0.4 సెకను పడుతుంది. ఆ లోపు చూడాలి, అర్థం చేసుకోవాలి, గ్లౌజు లేపాలి. 14 ఏళ్ల అమ్మాయి చేయగలుగుతుందేమో, 9 ఏళ్ల పాపకు కష్టం. అందుకే నా మాట ఒక్కటే, బంతిని అందుకునేవాళ్లలో అందరికన్నా చిన్నపిల్లను చూసి ఎంచుకోండి.

వ్యాఖ్యాత: బంతి మీద కొన్ని అంకెలు అచ్చు వేసి ఉంటాయి. అవి కొంచెం విప్పి చెబుతారా కోచ్ గారూ?

కోచ్: తప్పకుండా. సాధారణంగా రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి .47 లాంటిది. దాన్ని సీఓఆర్ అంటారు, అంటే బంతి ఎంత చురుగ్గా తిరిగొస్తుందో చెప్పే లెక్క. గంటకు 60 మైళ్ల వేగంతో గట్టి గోడకు కొడితే దాదాపు 28 మైళ్ల వేగంతో వెనక్కి వస్తుంది. అదే .44 బంతి అయితే 26 పైచిలుకు. తేడా పెద్దదేం కాదు, చూశారా? రెండో అంకె 375, 300 అలా ఉంటుంది. అది కంప్రెషన్. బంతిని రెండు పలకల మధ్య పావు అంగుళం నొక్కడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో ఆ లెక్క. గట్టిదనం తెలిసేది ఇక్కడే. తగిలినప్పుడు బంతి నొక్కుకుంటే దెబ్బ కాస్త ఎక్కువసేపు పరుచుకుంటుంది, ఆ మేరకు ఎముక మీద పడే బలం తగ్గుతుంది. తల్లిదండ్రులు మొదటి అంకె చూసి తక్కువుందని ఊరటపడతారు. చూడాల్సింది రెండోది.

తల్లి: అయితే 300 ఉంటే మా చిన్నదానికి సరిపోతుందా?

కోచ్: లేదమ్మా. 375, 300 రెండూ మామూలు ఆటకు చేసిన గట్టి బంతులే. పిల్లలకోసం వేరుగా తక్కువ దెబ్బ బంతులు చేస్తారు. పరిమాణం, బరువు మామూలు 11 అంగుళాల బంతివే, లోపలి గుండు మాత్రం చాలా మెత్తన. కొనేటప్పుడు అలాంటిదని ప్యాక్ మీద స్పష్టంగా రాసి ఉండాలి, అమెరికాలో క్రీడా రక్షణ సామగ్రికి ప్రమాణాలు పెట్టే సంస్థ ఎన్‌ఓసీఎస్‌ఏఈ గుర్తు ఉంటే ఇంకా మంచిది.

డాక్టర్: 2012లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా 5 నుంచి 14 ఏళ్ల వాళ్లకు అలాంటి బంతులే సూచించింది. 1996లో అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ ఒక అధ్యయనం చేసింది. అంతకు ముందు ఏడాది బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, స్టాండు మీద పెట్టిన బంతిని కొట్టే టీబాల్ ఆడుతూ 1,62,100 మంది పిల్లలు ఎమర్జెన్సీ వార్డులకు వచ్చారు. మెత్తబంతి వాడితే వాటిలో దాదాపు 47,900 గాయాలు ఆగేవో, తీవ్రత తగ్గేదో అని వాళ్ల అంచనా. 1973 నుంచి 1995 దాకా నమోదైన 88 మరణాల్లో 68 బంతి తగిలి జరిగినవి. వాటిలో 38 ఛాతీ మీద దెబ్బలు.

వ్యాఖ్యాత: ఛాతీ మీదా? తల మీద కన్నా ఎక్కువా?

డాక్టర్: అవును. దాన్ని కమోషియో కార్డిస్ అంటారు. గుండె కొట్టుకునే ప్రతి చుట్టులో సెకనులో వందో వంతు లెక్కలో ఉండే ఒక చిన్న క్షణం ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో గుండె మీద దెబ్బ పడితే లయ చెదిరిపోతుంది, పిల్ల అక్కడికక్కడే కుప్పకూలిపోతుంది. చాలా అరుదు, ఎవరూ భయపడి ఆట మాన్పించొద్దు. కానీ దీనికి భయంకరమైన వేగం అక్కర్లేదు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో గంటకు 64 కిలోమీటర్ల ప్రాంతంలోనే ప్రమాదం ఎక్కువగా కనిపించింది, బంతి మెత్తబడే కొద్దీ అది తగ్గుతూ వచ్చింది. తగ్గింది అంటున్నాను, పోయిందనడం లేదు. అందుకే మైదానంలో ఏఈడీ పెట్టె, అంటే గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చి లయ సరిచేసే యంత్రం, ఉండాలి, ఛాతీ నొక్కడం వచ్చినవాళ్లు కనీసం ఇద్దరుండాలి. ఇది ఏ బంతి కొన్నా తప్పదు.

తల్లి: మెత్తబంతి కొన్నాక మొహానికి గార్డు తీసేయొచ్చని మా దగ్గర కొందరు అంటున్నారండి. పిల్లలకు ఉక్కపోస్తుందట.

డాక్టర్: వద్దమ్మా, దయచేసి తీయొద్దు. మెత్తబంతి చెంప ఎముకకు మేలు చేస్తుంది, కంటికి అంత కాదు. కన్ను ఎముక గూట్లో ఉంటుంది. గట్టి బంతిని ఆ గూటి అంచు చాలావరకు ఆపుతుంది. మెత్తగా నొక్కుకునే బంతి ఆ గూట్లోకి ఇంకాస్త లోతుగా చొచ్చుకుపోతుందని బేస్‌బాల్ బంతుల మీద పరీక్షలు చేసి చూశారు. బ్యాటింగ్ హెల్మెట్‌కు జాలీ, బంతి విసిరే పిచ్చర్‌కూ, బేస్‌ల దగ్గర ఆడే ఇన్‌ఫీల్డ్ పిల్లలకూ ఫేస్ మాస్క్, ఇవి ఉండాల్సిందే.

వ్యాఖ్యాత: కోచ్ గారూ, మరి పెద్దపిల్లల సంగతి? రేపు వాళ్లు 12 అంగుళాల బంతితో పోటీలకు వెళ్లాలి కదా.

కోచ్: నాకూ మొదట్లో ఇదే బెంగ. మెత్తబంతితో ఆడితే పిచ్చర్ చెయ్యి పాడవుతుందనుకునేవాడిని. బరువు తగ్గదు కాబట్టి చెయ్యి పాడవదు. చిన్న బంతితో పట్టు మారుతుంది, అదొక్కటే ఇబ్బంది. అందుకని అందరూ కలిసి ఆడే రోజు 11 అంగుళాల మెత్తబంతి ఒక్కటే వాడతాను. పెద్దపిల్లలకు వారంలో వేరుగా ఒక పూట పెట్టి, చిన్నవాళ్లెవరూ మైదానంలో లేకుండా చూసుకుని, 12 అంగుళాలది ఇస్తాను. పెద్దమ్మాయిలు మొదట కొంచెం మొహం ముడుచుకున్నారు. ఎందుకో చెప్పాక సర్దుకున్నారు, ఇప్పుడు గట్టి బంతి కనిపిస్తే వాళ్లే తెచ్చి నా చేతికిస్తున్నారు.

అంపైర్: బకెట్ విషయం నేను చెప్తాను, రోజూ చూసేది అదే. రెండు రకాలూ ఒకే బకెట్‌లో ఉండకూడదు. గట్టివాటికి మార్కర్‌తో చుట్టూ నల్లగీత గీయండి, కుట్ల పక్కన చుక్క పెడితే మట్టికి చెరిగిపోతుంది. చలిలో రాత్రంతా వదిలేసిన బంతి గట్టిపడుతుంది, వాడే ముందు కాసేపు లోపల ఉంచండి. తడిసిన తోలుబంతి బరువెక్కుతుంది, దాన్ని ఆటలోంచి తీసేయండి. కవర్ చిరిగినా కుట్టు లేచినా అంతే.

తల్లి: ఆట మధ్యలో గట్టిది కనిపిస్తే?

అంపైర్: చెయ్యెత్తి ఆపమని చెప్పండి. ఏ అంపైరూ దానికి విసుక్కోకూడదు. నేనైతే ప్రతి ఇన్నింగ్స్ ముందు చేతిలోకి తీసుకుని గీత ఉందో లేదో చూస్తాను.

తల్లి: ఈ ఆదివారం వెళ్లగానే బకెట్ అంతా నేలమీద కుమ్మరించి ఒక్కొక్కటీ చూస్తానండి. మా పెద్దదాన్ని కూడా కూర్చోబెడతాను.

అంపైర్: మార్కర్ మర్చిపోకండి. వానకు చెరగని రకం తీసుకోండి.