సెకండ్ హ్యాండ్ ఐ బీములు ఇంటికి పనికొస్తాయా?

నమస్తే అండీ. ఈ వారం రివ్యూ సెకండ్ హ్యాండ్ ఐ బీముల మీద, అంటే ఇంగ్లిషు I ఆకారంలో ఉండే స్టీలు దూలాల మీద.

పాత ఇనుమే కదా, తుక్కు కింద అమ్మితే కరిగించి కొత్తది చేస్తారుగా అంటారా? కరిగించాలంటే దాదాపు 1,600 డిగ్రీల వేడి కావాలి. బీమును బీములాగే వాడితే కోయడం, తుప్పు వదిలించడం, కొత్త రంధ్రాలు వేయడం, అంతే. అదే ఖనిజం నుంచి బ్లాస్ట్ ఫర్నేస్ (పెద్ద కొలిమి) దారిలో టన్ను కొత్త స్టీలు చేస్తే సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది మరి.

లండన్‌లో 2002లో పూర్తయిన బెడ్‌జెడ్ అనే ఇళ్ల సముదాయం చూడండి. స్ట్రక్చరల్ స్టీలులో 95 శాతం పాతదే. చాలావరకు బ్రైటన్ రైల్వే స్టేషన్ పనుల్లో విప్పిన సరుకు. నాకు బాగా నచ్చింది వాళ్ల డిజైన్ పద్ధతి. మామూలుగా ఇంజినీరు ఒకే సైజు రాసిస్తాడు, అది దొరక్కపోతే పని ఆగుతుంది. వీళ్లు ఒక్కో చోటికి పనికొచ్చే సైజులు కొన్ని ముందే రాసుకున్నారు. వాటిలో ఏది దొరికితే అది.

ఇప్పుడు రెండు రకాల పాత బీములను పోల్చి చూద్దాం. మొదటిదాని చివర్న బోల్టు రంధ్రాలున్నాయి, అంటే స్పానర్‌తో విప్పారు, బీము నిండుగా చేతికొచ్చింది. రెండోదాని పైరెక్క (I ఆకారంలో పైన అడ్డంగా ఉండే భాగం) మీద వరుసగా పొడుచుకొచ్చిన పొట్టి కడ్డీలు స్టడ్లు, శ్లాబును పట్టి ఉంచడానికి. ఇలాంటిది కావాలంటే ముందు కాంక్రీటు పగలగొట్టాలి, తర్వాత స్టడ్లన్నీ కోసి గ్రైండింగ్ పట్టాలి. కూలి తడిసి మోపెడవుతుంది.

బలం సంగతా? తుప్పు తినేయకుండా, మంటల్లో కాలకుండా ఉంటే స్టీలుకు వయసుతో వచ్చే ఇబ్బంది తక్కువ. పోయేది దాని బలం ఎంతో చెప్పే టెస్ట్ సర్టిఫికెట్. అందుకే బ్రిటన్‌లో స్టీల్ కన్‌స్ట్రక్షన్ ఇన్‌స్టిట్యూట్ 2019లో పీ427 అనే పద్ధతి తెచ్చింది. ఒకే బిల్డింగులోని ఒకేరకం బీములను గుంపు చేసి, ప్రతిదాని గట్టిదనం కొలుస్తారు, గుంపు నుంచి ముక్క కోసి లాగి చూస్తారు. వంతెనల సరుకు, 1970కి ముందుది ఇందులోకి రావు.

నా రేటింగ్: ఐడియాకు ఐదుకు నాలుగున్నర, కొనడంలో తలనొప్పి ఉంది కాబట్టి కొనే తేలికకు రెండే. మన పాత ఇనుము కొట్లలో బీములు కేజీల లెక్కన అమ్ముతారు, కాగితం అడిగితే నవ్వుతారు. రేకుల షెడ్డు సంగతి వేరు. మేడకైతే ముక్క ల్యాబులో టెస్ట్ చేయించి, స్ట్రక్చరల్ ఇంజినీరు సరేనన్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.