ఒకే జాతి నత్త, ఒడ్డును బట్టి రెండు రూపాలు

[తెర మీద: స్వీడన్ పశ్చిమ తీరం, చార్నో దగ్గర రాతి ఒడ్డు]

ఈ రెండు నత్తల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి బఠాణీ గింజంత. రెండోది దానికి దాదాపు రెట్టింపు, పెంకు కూడా బాగా మందం. చూడగానే వేర్వేరు జాతులనే అనుకుంటాం. రెండూ లిట్టోరినా సాక్సాటిలిస్ అనే ఒకే జాతివి. ఇవి దొరికిన చోట్ల మధ్య దూరం కొన్ని పదుల మీటర్లే!

[గుండ్రాళ్ల మధ్య పీత]

పెద్ద నత్త ఉండేది గుండ్రాళ్లు పేరుకున్న చోట. ఆ సందుల్లో పీతలుంటాయి. పీత తన డెక్కతో పెంకును పగలగొడుతుంది, లేకపోతే గుల్ల నోటి అంచును విరుచుకుంటూ లోపలికి వస్తుంది. అందుకే ఇక్కడ బతికి బట్టకట్టేవి ఒళ్లు పెద్దగా, పెంకు మందంగా, నోరు ఇరుకుగా ఉన్న నత్తలు. కొంచెం కదిలించి చూడండి, చటుక్కున లోపలికి ముడుచుకుని మూత వేసుకుంటుంది. చాలాసేపటికి గానీ బయటికి రాదు.

[అలలు విరుచుకుపడే బండ]

ఈ బండ మీద పీత నిలవలేదు. ఇక్కడ భయమంతా అలతోనే. ఒళ్లు పెద్దదైతే నీటి తోపు కూడా ఎక్కువ తగులుతుంది, పట్టు ఊడిపోతుంది. చిన్నదైతే రాతి పగుల్లో దూరిపోవచ్చు. గుల్ల నోరు వెడల్పుగా ఉంటే పెద్ద పాదం బయటికి చాచి రాయిని గట్టిగా కరుచుకోవచ్చు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది దీని కదలిక. కదిలిస్తే ముడుచుకున్నా, వెంటనే బయటికొచ్చి మళ్లీ రాయిని పట్టేస్తుంది. ఎక్కువసేపు లోపలే ఉంటే తర్వాతి అలకు కొట్టుకుపోతుంది మరి.

ఇంత దగ్గరగా ఉంటూ రెండూ కలిసి ఒకేలా ఎందుకు అయిపోలేదు? ఈ నత్త గుడ్లను తన ఒంట్లోనే పొదుగుతుంది. పిల్లలు బుల్లి గుల్లతో సహా పుట్టి, ఆ చుట్టుపక్కలే పాకుతూ బతుకుతాయి. దీని దగ్గరి చుట్టం లిట్టోరినా లిట్టోరియా గుడ్లను సముద్రంలోకి వదిలేస్తుంది. దాని లార్వాలు వారాల తరబడి నీటిలో కొట్టుకుపోతాయి. ఏ పిల్ల ఏ ఒడ్డు చేరుతుందో చెప్పలేం, కాబట్టి ఒక్కో ఒడ్డుకు ఒక్కో రూపం స్థిరపడే వీలు దానికి తక్కువ.

[తెర మీద: 1988 – 1992 – 2024]

1988లో విషపు నాచు విపరీతంగా పెరిగి, ఇక్కడి చిన్న రాతి దిబ్బల మీద నత్తలు చనిపోయాయి. 1992లో షెర్‌స్టిన్ యోహానెసన్ అనే శాస్త్రవేత్త, అలల తాకిడికి గురయ్యే అలాంటి ఖాళీ దిబ్బ మీద పీతల ఒడ్డు నత్తల్ని సుమారు 700 తెచ్చి వదిలారు. ఆ తర్వాత సుమారు 30 ఏళ్ల పాటు వాటిని గమనిస్తూ వచ్చారు. 2024లో ఫలితాలు వెలువడ్డాయి: వాటి సంతతి చిన్నగా, పలచని పెంకుతో, అలల ఒడ్డు నత్తల్లా మారింది. మార్పు మొదటి పదేళ్లలోనే కనిపించడం మొదలైంది.

ఇందుకు కావలసిన జన్యు రకాలు చాలావరకు కొత్తగా పుట్టినవి కావు. ఆ 700 నత్తల్లోనే తక్కువ మోతాదులో ఉన్నాయి, కొన్ని పక్క బండల మీది అలల నత్తల నుంచి వచ్చి కలిశాయి.