న్యూయార్క్ పెన్ స్టేషన్: ట్రాక్ నంబర్ పడేదాకా ఎక్కడ నిలబడాలి?

హలో అండి, అందరికీ నమస్కారం. ఇవాళ మనం మాన్‌హట్టన్‌లో, పెన్ స్టేషన్ లోపల ఉన్నాం. న్యూజెర్సీలో ఎడిసన్, ఐజలిన్, ప్రిన్స్‌టన్ జంక్షన్ వైపు ఉంటూ సిటీలో ఉద్యోగం చేసే మనవాళ్లు చాలామంది రోజూ దిగేదీ ఎక్కేదీ ఇక్కడే. కొత్తగా వచ్చినవాళ్లని మాత్రం ఈ స్టేషన్ బాగా తికమక పెడుతుంది. అందుకే ఈ వీడియో.

సాయంత్రం ఐదున్నర. చూడండి, ఇంతమందీ తలలెత్తి ఆ బోర్డు వంకే చూస్తున్నారు. రైలు టైముంది, ఎక్కడికెళ్తుందో ఉంది, ట్రాక్ నంబర్ గడి మాత్రం ఖాళీ. మన సికింద్రాబాద్‌లోలా కోచ్ పొజిషన్ చూసుకుని ప్లాట్‌ఫారం మీద తాపీగా నిలబడదామంటే కుదరదు. నంబర్ బయలుదేరడానికి సుమారు పది నిమిషాల ముందు పడుతుంది, రద్దీలో ఇంకా ఆలస్యంగా కూడా. పడగానే గుంపంతా ఒకే మెట్ల మీదికి పరుగు.

ఎందుకిలా అంటే, మన కాళ్ల కింద 21 ట్రాకులు, 11 ప్లాట్‌ఫారాలు ఉన్నాయి. కానీ న్యూజెర్సీ వైపు హడ్సన్ నది కింద ఉన్నవి రెండే సొరంగాలు, 1910లో తెరిచినవి, ఒక్కోదాంట్లో ఒక్కటే ట్రాక్. పీక్ టైములో ఒక్కో దిశలో గంటకి 24 రైళ్ల వరకు నడుస్తాయి, అంటే రెండున్నర నిమిషాలకొకటి. ఒకటి నాలుగు నిమిషాలు ఆగితే వెనకున్నవన్నీ ఆగుతాయి. ఏ ట్రాక్ ఎప్పుడు ఖాళీ అవుతుందో కంట్రోల్ రూమ్‌లో చివరి నిమిషాల్లోనే తేలుతుంది. పైగా ప్లాట్‌ఫారాలు ఇరుకు. మనల్ని ముందే కిందికి పంపితే, వచ్చిన రైల్లోంచి దిగేవాళ్లు పైకి రావడానికి దారుండదు.

ఈ తక్కువ ఎత్తు సీలింగ్ సంగతి కూడా చెప్పాలి. 1910 నాటి అసలు స్టేషన్ పెద్ద రాతి భవనం. 1963లో దాన్ని కూల్చడం మొదలుపెట్టి పైన మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కట్టారు. అది 1968లో తెరిచారు. స్టేషన్ నేలమాళిగలో మిగిలింది. దీనివల్ల మనకొచ్చే చిక్కు ఒకటుంది: గార్డెన్‌లో బాస్కెట్‌బాల్ మ్యాచో కచేరీయో ఉన్న రాత్రి, అది వదిలే వేళకి ఇక్కడ మళ్లీ సాయంత్రంలాంటి రద్దీ. ఆఫీసులో ఆలస్యమైతే ఆ రోజు అక్కడ ఏముందో ఒకసారి చూసుకుని బయలుదేరండి.

ఇక ఎక్కడ నిలబడాలి? మనం ఎక్కే న్యూజెర్సీ రైళ్లు, అంటే ఎన్‌జే ట్రాన్సిట్ రైళ్లు, ఎక్కువగా 1 నుంచి 12 ట్రాకుల మీదికి వస్తాయి. కాబట్టి సెవెంత్ అవెన్యూ వైపున్న వాళ్ల హాలే మనకి సరైన చోటు. ఎయిత్ అవెన్యూ దాటితే 2021 జనవరి 1న తెరిచిన మొయినిహాన్ ట్రైన్ హాల్ ఉంది. అద్దాల కప్పు, వెలుతురు, తినడానికి చోట్లు, చూడటానికి చాలా బాగుంటుంది. ఫొటోలకి వెళ్లండి, సాయంత్రం రైలు కోసం మాత్రం వద్దు. అక్కడి నుంచి 21 ట్రాకుల్లో 17కే దారి ఉంది. 1 నుంచి 4 ట్రాకులకి లేదు, మన రైళ్లు తరచుగా వచ్చేవి అవే. అక్కడ కాఫీ తాగుతుంటే ట్రాక్ 2 అని పడిందనుకోండి, ఒక అవెన్యూ అంతా వెనక్కి రావాలి. దూర ప్రయాణాల ఆమ్‌ట్రాక్ రైళ్లు ఎక్కేవాళ్లకైతే మొయినిహానే సుఖం.

ఇంకో కిటుకు. ఫోన్‌లో ఎన్‌జే ట్రాన్సిట్ యాప్ తెరిచి రైళ్ల బోర్డు చూపించే డిపార్చర్ విజన్ పెట్టుకోండి, ట్రాక్ నంబర్ అందులోనూ వస్తుంది. బోర్డు కిందే నిలబడాల్సిన పనిలేదు. ఒకే ప్లాట్‌ఫారానికి ఒకటి కంటే ఎక్కువ చోట్ల మెట్లుంటాయి, కింది అంతస్తు నుంచి కూడా. గుంపు పట్టే ఎస్కలేటర్ వదిలి పక్క మెట్లు ఎక్కడున్నాయో తీరిక ఉన్న రోజు ఒకసారి తిరిగి చూసి పెట్టుకుంటే, తర్వాత రోజూ సీటు దొరుకుతుంది.

ఏ రైలు ఎక్కాలన్నది ఇంకా ముఖ్యం. ఎడిసన్, మెటుచెన్, మెట్రోపార్క్, ప్రిన్స్‌టన్ జంక్షన్ వాళ్లది నార్త్ ఈస్ట్ కారిడార్ లైన్. దీంట్లోనూ కొన్ని ట్రెంటన్ దాకా పోవు, జెర్సీ అవెన్యూలోనే ఆగిపోతాయి. ఎడిసన్ వాళ్లకి అది చాలు, ప్రిన్స్‌టన్ జంక్షన్ వాళ్లకి చాలదు. కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు ఎడిసన్‌లో ఆగవు. అందుకని పేరొక్కటే చూడకుండా, స్క్రీన్‌లో వరసగా వెళ్లే స్టేషన్ల జాబితాలో మన ఊరుందో లేదో చూడండి. పొరపాటున లాంగ్ బ్రాంచ్ వైపు వెళ్లే నార్త్ జెర్సీ కోస్ట్ రైలు ఎక్కేస్తే కంగారొద్దు, రాహ్వే దాకా రెండూ ఒకే దారి. అక్కడ దిగి వెనకొచ్చే ట్రెంటన్ రైలు ఎక్కండి. డోవర్ వైపు, మాంట్‌క్లెయిర్ వైపు వెళ్లేది ఎక్కితే మాత్రం సొరంగం దాటాక వచ్చే సెకాకస్‌లోనే దిగాలి. అది దాటితే దారి వేరైపోతుంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఒంటరిగా వస్తుంటే ఇది తప్పక చెప్పండి: ఈ దారిలో పెన్ స్టేషన్లు రెండు. న్యూయార్క్ పెన్, న్యూఆర్క్ పెన్. మైకులో రెండూ దాదాపు ఒకేలా వినపడతాయి. ఎడిసన్ నుంచి సిటీకి వస్తుంటే ముందు వచ్చేది న్యూఆర్క్. చాలామంది లేస్తారు, వాళ్లని చూసి దిగకూడదు. సెకాకస్ కూడా వెళ్లాక, సొరంగం చీకటి దాటాక వచ్చే చివరి స్టేషనే మనది. జెర్సీ సిటీలో ఆఫీసున్నవాళ్లు మాత్రం న్యూఆర్క్‌లోనే దిగి పాథ్ (న్యూజెర్సీకీ మాన్‌హట్టన్‌కీ మధ్య నడిచే మెట్రోలాంటి రైలు) ఎక్కాలి, జర్నల్ స్క్వేర్, గ్రోవ్ స్ట్రీట్, ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ అన్నీ ఆ దారిలోవే. ఎయిర్‌పోర్టుకైతే టికెట్ మీద న్యూఆర్క్ ఎయిర్‌పోర్ట్ అనే ఉండాలి. స్టేషన్ నుంచి టెర్మినళ్లకి తీసుకెళ్లే ఎయిర్‌ట్రైన్ చార్జీ అందులోనే కలిసి ఉంటుంది, గేటు దగ్గర ఆ టికెట్టే చూపించాలి.

టికెట్ యాప్‌లో కొనడం చాలా తేలిక, కానీ కొన్నంత మాత్రాన అయిపోదు. ఎక్కే ముందు యాక్టివేట్ నొక్కాలి. కండక్టర్ ఎదురుగా వచ్చాక నొక్కితే ఒప్పుకోవాలని లేదు, స్క్రీన్‌షాట్ అసలే చెల్లదు. అలాగని ఇంట్లోనే నొక్కేయకండి, రైలు లేటైతే గడువు అయిపోతుంది. ఫోన్ చార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే. స్టేషన్‌లో మెషిన్ ఉండగా కొనకుండా ఎక్కి కండక్టర్ దగ్గర కొంటే 5 డాలర్లు అదనం. వన్ వే టికెట్‌కి 2024 జూలై నుంచి 30 రోజుల గడువు పెట్టారు, కాబట్టి ముందే కట్టలుకట్టలు కొని దాచుకోవద్దు. శుక్రవారం రాత్రి 7 నుంచి సోమవారం ఉదయం 6 దాకా, టికెట్ కొన్న ఒక పెద్దవాళ్లతో 11 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలు ఇద్దరు ఉచితం. కండక్టర్ టికెట్ చూసి సీటు దగ్గర ఒక చిన్న కాగితం గుచ్చుతారు. సీటు మారితే అది కూడా తీసుకెళ్లండి, లేకపోతే మళ్లీ అడుగుతారు. పీక్ రైళ్లలో మొదటి పెట్టె, చివరి పెట్టె క్వయిట్ కమ్యూట్, అంటే నిశ్శబ్దంగా కూర్చోవాల్సిన పెట్టెలు. హైదరాబాద్‌లో తెల్లారిందని వీడియో కాల్ చేయాలంటే మధ్య పెట్టెల్లో కూర్చోండి.

ఇక రైళ్లు ఆగిపోయే రోజులు. కారణాలు తిప్పితిప్పి అవే. 2012 అక్టోబరులో శాండీ తుఫానుకి సొరంగాల్లో ఉప్పునీరు చేరింది. నీళ్లు తోడేశారు గానీ ఉప్పు కాంక్రీటులో, కేబుళ్లలో ఉండిపోయి లోపల్నించి తినేస్తోంది. మరమ్మతులకి వారాంతాల్లో ఒక సొరంగం మూసేసి రెండు దిశల రైళ్లనీ రెండోదాంట్లోనే నడుపుతుంటారు, శని ఆదివారాల్లో రైళ్లు తక్కువ ఉండటానికి అదొక కారణం. హాకెన్‌సాక్ నది మీద 1910 నాటి పోర్టల్ బ్రిడ్జ్ పడవల కోసం పక్కకి తిరిగేది. మూసేటప్పుడు పట్టాలు సరిగ్గా కూర్చోక దశాబ్దాల పాటు ఏడిపించింది. దాని బదులు, తిప్పాల్సిన పనే లేనంత ఎత్తులో పోర్టల్ నార్త్ బ్రిడ్జ్ కట్టే పని 2022లో మొదలైంది. ఇక ఎండాకాలంలో కరెంటు తీగల గొడవ. చాలావరకు 1930ల నాటి ఏర్పాటు, వేడికి సాగి వేలాడతాయి, అప్పుడు రైళ్లని నెమ్మదిగా నడుపుతారు.

అలాంటి రోజు మైకులో "క్రాస్ ఆనర్" అన్న మాట కోసం వినండి. అంటే మన ఎన్‌జే ట్రాన్సిట్ టికెట్‌ని పాథ్ వాళ్లు ఒప్పుకుంటున్నారని. ఆ మాట వినకముందే వెళితే పాథ్ చార్జీ మన జేబులోంచే. సెవెంత్ అవెన్యూ వైపు బయటికొచ్చి ఒక బ్లాక్ తూర్పుకి నడిస్తే సిక్స్త్ అవెన్యూలో 33వ స్ట్రీట్ పాథ్ స్టేషన్. మామూలు రోజుల్లో జర్నల్ స్క్వేర్ దాకా వెళ్లి, అక్కడ న్యూఆర్క్ రైలు మారి, న్యూఆర్క్ పెన్‌లో మన రైలు పట్టుకోవాలి. పెన్ స్టేషన్ జనమంతా అక్కడికే ఎగబడతారు కాబట్టి, ఎయిత్ అవెన్యూ వైపు 'E' అక్షరం ఉన్న సబ్‌వే రైలు ఎక్కి చివరి స్టాప్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లడం నయం. సబ్‌వే డబ్బులు అదనమే, కానీ న్యూఆర్క్ పాథ్ బయలుదేరేది అక్కణ్నించే, మారాల్సిన పని కూడా లేదు.

అయితే కదిలే ముందు గొడవ ఎక్కడుందో యాప్‌లో చూడండి. సొరంగంలోనో పోర్టల్ దగ్గరో అయితే ఈ దారి పనికొస్తుంది. న్యూఆర్క్‌కీ రాహ్వేకీ మధ్య తీగలు తెగితే న్యూఆర్క్ చేరినా ముందుకి రైలుండదు. అప్పుడు ఇక్కడే ఆగడమో, 42వ స్ట్రీట్‌లో పోర్ట్ అథారిటీ బస్ టెర్మినల్‌కి వెళ్లి బస్సు చూసుకోవడమో మేలు.